జార్జియా దారా, ఎస్టోనియా దారా?
మొన్న వైజాగ్‌లో అమ్మ పెన్షన్ పని మీద ఒక ఆఫీసుకెళ్తే అదే ఆధార్ జెరాక్స్ మూడుసార్లు అడిగారండి, అప్పట్నుంచి సర్కారు పనితీరు మార్చుకున్న ఈ రెండు దేశాలే బుర్రలో తిరుగుతున్నాయి. రెండూ 1991లో సోవియట్ నుంచి బయటపడ్డవే.

జార్జియా 2004లో లంచాల ట్రాఫిక్ పోలీసుల్ని మొత్తం తీసేసి కొత్తవాళ్లని పెట్టింది, జీతాలు పెంచింది, రోడ్డు మీద వసూళ్లు బాగా తగ్గిపోయాయి, జనానికి వెంటనే తేడా తెలిసింది. కానీ అంతా పైనుంచి నడిచింది, కోర్టులు మాత్రం ఆ స్పీడులో బలపడలేదు, నాకు అది పెద్ద లోటే.

ఎస్టోనియాది ఓపిక పని. 2001లో ఎక్స్-రోడ్ అనే కంప్యూటర్ వ్యవస్థ పెట్టి ఆఫీసుల డేటాబేసుల్ని కలిపేసింది, జనం ఒకసారి ఇచ్చిన వివరం మళ్లీ అడగకూడదన్నది అక్కడ రూలు, పైగా మన వివరాలు ఎవరు చూశారో మనమే చెక్ చేసుకోవచ్చు. నా ఓటు దీనికే, మా అమ్మ మోకాళ్ల నొప్పితో ఇంకోసారి ఆ ఆఫీసు మెట్లెక్కే స్థితిలో లేదు.