హ్యూమన్ అనాటమీ అండ్ ఫిజియాలజీ ల్యాబ్: తీసుకోండి, కానీ తెలిసి తీసుకోండి

కోర్సు పూర్తయింది, గ్రేడ్ కూడా వచ్చేసింది కాబట్టి ఇక మొహమాటం లేకుండా రాస్తున్నాను. నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ, బయాలజీ, ఏ దారిలో వెళ్లేవాళ్లకైనా ఈ ల్యాబ్ దాదాపు తప్పదు. అందుకే చాలామందికి తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న ఉండదు, ఎలా గట్టెక్కాలి అన్నదే ఉంటుంది. నా రేటింగ్ ముందే చెప్పేస్తున్నా: ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ ఎందుకు కోశానంటే, ఈ కోర్సు కళ్లకీ చేతులకీ పని నేర్పడానికి పుట్టింది, తీరా మార్కులు మాత్రం బట్టీకి వేస్తారు.

మొదట టైం సంగతి. చాలా చోట్ల ల్యాబ్‌కి థియరీ కంటే క్రెడిట్లు తక్కువ. అది చూసి నల్లేరు మీద నడక అనుకుని చేరేవాళ్లుంటారు, రెండో వారానికల్లా చుక్కలు కనిపిస్తాయి. టైంటేబుల్‌లో కనిపించేది ల్యాబ్‌లో నిలబడే ఆ రెండు మూడు గంటలే. బొమ్మలు గీయడం, రికార్డు రాయడం, ఖాళీ దొరికినప్పుడల్లా మళ్లీ వెళ్లి మోడల్స్ ముందు నిలబడి గొణుక్కోవడం, ఇవి ఎవరి లెక్కలోకీ రావు. అదే టర్మ్‌లో కెమిస్ట్రీ ల్యాబ్ కూడా పెట్టుకోకండి. పెట్టుకున్నవాళ్ల మొహాలు చూశాను, చాలు.

ఎముకలు. పెద్దవాళ్ల ఒంట్లో 206 ఉంటాయని స్కూల్లోనే చదివాం కదా, ల్యాబ్‌లో ఆ సంఖ్య ఎవరికీ అక్కర్లేదు. ఎముక చేతికిచ్చి ఇది కుడిదా ఎడమదా, ఏ వైపు ముందు, ఈ గుంట పేరేంటి, ఈ బొడిపెకి ఏ కండరం అతుక్కుంటుంది అని అడుగుతారు. మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది. కానీ తొడ ఎముకని పట్టుకుని గుండ్రటి తల ఒంటి మధ్యకి, పొడవునా ఉన్న గరుకు గీత వెనక్కి వచ్చేలా తిప్పి మన కాలి పక్కన పెట్టుకుంటే ఏ కాలిదో అదే చెప్పేస్తుంది. మోకాలిచిప్ప ఇంకా బాగుంటుంది: మొనదేలిన కొస మనకి దూరంగా ఉండేలా, నున్నటి కీలు వైపు కిందికి వచ్చేలా టేబుల్ మీద పెట్టి వదిలితే, అది ఏ కాలిదైతే ఆ వైపుకే ఒరుగుతుంది. బయటి వైపు కీలు తలం పెద్దది కాబట్టి అలా వాలుతుంది. ఇది ఒకసారి చూశాక ఇక మర్చిపోవడమంటూ ఉండదు.

పుర్రె మాత్రం వేరే లెక్క. 22 ఎముకలు, వాటి మధ్య అతుకులు, కింద తిప్పితే ఎటు చూసినా రంధ్రాలు, ప్రతి రంధ్రానికీ ఒక పేరు, దాంట్లోంచి దూరే నరానికీ రక్తనాళానికీ ఇంకో పేరు. లోపల రెక్కలు చాచుకుని కూర్చున్న స్ఫీనాయిడ్ ఎముక మెదడుని కప్పే కపాలంలోని మిగతా ఎముకలన్నింటినీ ముట్టుకుంటూ ఉంటుంది, అందుకని ఏ పక్క నుంచి పిన్ను గుచ్చినా సమాధానం అదే అయ్యే ప్రమాదం ఉంది. దీనికి దగ్గరదారి లేదు. పుర్రె ముందు కూర్చోవడమే. ఒక మాట, ప్లాస్టిక్ ఎముకలతో జాగ్రత్త, అచ్చు పోసిన చోట మిగిలిన గీతని కూడా శరీర భాగం అనుకుని పేరు వెతికేవాళ్లున్నారు. చిన్న రంధ్రాలు చాలా ప్లాస్టిక్ సెట్లలో మూసుకుపోయే ఉంటాయి. మీ ల్యాబ్‌లో అసలు ఎముకలుంటే, పగుళ్లున్నా సరే, వాటితోనే చదవండి.

కణజాలం స్లైడ్ల దగ్గర సగం క్లాసు ప్రాణం విసిగిపోతుంది. అంతా గులాబీ, ఊదా. హెమటాక్సిలిన్ కేంద్రకాలకి నీలి ఊదా రంగు పట్టిస్తుంది, ఇయోసిన్ మిగతాదానికి గులాబీ పూస్తుంది, అంతే, ఆ రెండు రంగుల్లోనే కాలేయం, కిడ్నీ, పేగు, చర్మం అన్నీ గుర్తుపట్టాలి. ఇక్కడ అందరూ చేసే పని రంగుని గుర్తుపెట్టుకోవడం, "ముదురు ఊదా ఉంటే అది ఫలానా" అని. వేరే బ్యాచ్ స్లైడ్ పెట్టగానే ఆ పప్పులు ఉడకవు. రంగు వదిలేసి ఆకారం చూడండి, పొరలు ఎన్ని, పైపొర కణాలు పల్చగా ఉన్నాయా ఉబ్బి ఉన్నాయా, కేంద్రకాలు ఒకే వరుసలో ఉన్నాయా. శ్వాసనాళం స్లైడ్‌లో కేంద్రకాలు ఎగుడుదిగుడుగా ఉండి రెండు మూడు పొరల్లా కనిపిస్తాయి కానీ ప్రతి కణం కాలూ నేల మీదే ఉంటుంది, ఒకే పొర. కొవ్వు కణజాలం చూస్తే కణాల్లో ఏమీ లేనట్టు తెల్లగా ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే స్లైడ్ తయారుచేసేటప్పుడు వాడే ద్రావకాల్లో కొవ్వు కరిగిపోతుంది, మనం చూసేది మిగిలిన గోడల్ని. ఇలాంటి ఒక్క ముక్క ఎవరైనా చెప్తే పది స్లైడ్లు తేలికవుతాయి. చాలా చోట్ల చెప్పరు, రికార్డులో బొమ్మ గీసి సంతకం పెట్టించుకోమంటారు.

మైక్రోస్కోప్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 4ఎక్స్ లెన్స్‌తో మొదలుపెట్టండి, 40ఎక్స్‌కి వెళ్లాక ఫోకస్ తిప్పే పెద్ద మర ముట్టుకోకండి, స్లైడ్ పగిలితే అందరూ మీ వైపే చూస్తారు.

ఇక డిసెక్షన్. ఈ కోర్సుకి డబ్బూ టైమూ పెట్టొచ్చు అనిపించేది ఇక్కడే. అన్ని కాలేజీల్లో దానం చేసిన మనిషి దేహం ఉండదు, ఎక్కువ చోట్ల గొర్రె గుండె, గొర్రె మెదడు, ఆవు కన్ను, కిడ్నీ ఇస్తారు. గొర్రె గుండె చేతిలోకి తీసుకోగానే కొయ్యకండి, ముందు రెండు వేళ్లతో నొక్కి చూడండి. ఒక పక్క మెత్తగా లోపలికి పోతుంది, ఇంకో పక్క గట్టిగా ఎదురుతిరుగుతుంది. గట్టిగా ఉన్నది ఎడమ జఠరిక, అంటే గుండె కింది గది, ఒళ్లంతటికీ రక్తం తోసేది అదే, మెత్తగా ఉన్న కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు. కోశాక గోడల మందం చూస్తే ఎడమది కుడిదానికి రెండు మూడు రెట్లుంటుంది. పుస్తకంలో అదే వాక్యం ఎన్నిసార్లు చదివినా రానిది ఆ ఒక్క నొక్కుతో వచ్చేస్తుంది. ఇంకొకటి, పూర్తిగా కోసెయ్యకముందే బృహద్ధమనిలోకి నీళ్లు పొయ్యమనండి. అర్ధచంద్రాకార కవాటం మూడు జేబులూ నిండి మూసుకోవడం పైనుంచి కళ్లారా కనిపిస్తుంది, నీళ్లు కిందికి దిగవు. కింద ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటానికి కట్టిన తెల్లటి దారాల్లాంటివి ఫోర్సెప్స్‌తో లాగి చూడండి, సన్నగా ఉంటాయి కానీ అంత సులభంగా తెగవు.

కత్తి తక్కువ వాడండి. డిసెక్షన్ అనగానే స్కాల్పెల్ అనుకుంటాం గానీ అసలు పని ప్రోబ్ అనే మొండి పుల్లతోనూ వేళ్లతోనూ పొరల్ని విడదియ్యడం. కత్తితో తొందరపడ్డ టేబుల్ మీద నరం కండరం కలిసి పోతాయి, తర్వాత వెతుక్కున్నా దొరకవు. చార్టులో ధమని ఎర్రగా, సిర నీలంగా, నరం పసుపుగా ఉంటాయి కదా, ట్రేలో అన్నీ ఒకే మట్టిరంగు. అక్కడ తేడా వేళ్లకి తెలియాలి: ధమని గోడ మందంగా, నొక్కితే మళ్లీ లేస్తుంది, సిర చదునుగా పడిపోయి ఉంటుంది, నరం లోపల బోలు లేని తాడు. ఈ మధ్య కొన్ని కాలేజీలు పెద్ద టచ్ స్క్రీన్ డిసెక్షన్ టేబుళ్లు తెచ్చి గొప్పగా చూపిస్తున్నాయి. ఏది ఎక్కడుందో తెలుసుకోవడానికి అవి నిజంగా బాగుంటాయి, తప్పు కోత పడితే వెనక్కి తీసుకోవచ్చు, జంతువుల్ని కొయ్యడం ఇష్టం లేనివాళ్లకి మంచి దారి కూడా. కానీ స్క్రీన్ మీద కూడా నరం పసుపుగానే ఉంటుంది.

గొర్రెలోది మనిషిలోది ఒకటే అనుకోకూడదని మాత్రం గట్టిగా చెప్పాలి, మా ల్యాబ్‌లో అది సరిగ్గా చెప్పలేదు. రెండో శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు జంతువుల్ని కోసి చూసి, మనిషి మెదడు అడుగున కూడా ఒక అద్భుతమైన రక్తనాళాల వల ఉంటుందని రాశాడు. గొర్రెకీ ఎద్దుకీ ఉంటుంది, మనిషికి లేదు. 1543లో వెసేలియస్ అనే అనాటమీ పండితుడు అది మనిషిలో లేదని తేల్చి చెప్పేదాకా వందల ఏళ్లు దాదాపు అందరూ అదే నమ్మారు. ఇప్పుడు మన ట్రేలో ఉన్నదీ గొర్రె మెదడే. దాంట్లో వాసన తెలుసుకునే భాగం మనిషిదానితో పోలిస్తే చాలా పెద్దది. ఆవు కన్ను లోపల నీలి ఆకుపచ్చగా మెరిసే పొర చూసి అందరూ ఫోటోలు తీసుకుంటారు, అది టపీటం, మన కంట్లో ఉండదు. మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పకపోతే మీరే అడగండి: "ఇది మనిషిలో ఎలా ఉంటుంది?"

వాసన గురించి అందరూ అడుగుతారు. నమూనాలు కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ఘాటు ముక్కుకంటే కళ్లకి ఎక్కువ తగులుతుంది, కాంటాక్ట్ లెన్స్ తీసేసి కళ్లజోడు పెట్టుకోండి, కళ్లు తిరిగినట్టనిపిస్తే పరువుకి పోకుండా బయటికి వెళ్లి గాలి పీల్చుకోండి. గుంపు గురించి ఎవరూ అడగరు, అసలు సమస్య అదే. ఒక గుండె చుట్టూ ఐదుగురుంటే ఇద్దరు కోస్తారు, ఒకరు రికార్డు నింపుతారు, మిగతా ఇద్దరు ఫోన్ చూసుకుంటారు. మొదటి రోజే వంతులు మాట్లాడుకోవాలి.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. కోర్సు పేరులో ఫిజియాలజీ ఉంది, కోర్సులో మాత్రం దాన్ని సవతి పిల్లలా చూస్తారు. ఎముకలూ కండరాలూ అయ్యేసరికి టైం అయిపోతుంది, చివర్లో ప్రయోగాలన్నీ మొక్కుబడిగా గబగబా లాగించేస్తారు. నాకైతే బాగా నచ్చినవి అవే. బీపీ చూడటం తీసుకోండి. చేతికి కట్టిన పట్టీలో గాలి వదులుతుంటే స్టెతస్కోప్‌లో మొదటి టక్ వినిపించిన చోట సిస్టోలిక్ (పై అంకె), చప్పుడు పూర్తిగా ఆగిన చోట డయాస్టోలిక్ (కింది అంకె), 1905లో కొరొట్కాఫ్ అనే రష్యన్ వైద్యుడు చెప్పిన పద్ధతి, నేటికీ అదే. చెప్పడానికి తేలిక, చెవికి దొరకడానికి చాలాసేపు పడుతుంది. చెయ్యి గుండె ఎత్తులో లేకపోతే అంకె మారిపోతుంది, లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ చూపిస్తుంది, కొలుస్తుండగా కబుర్లు చెప్తే పెరుగుతుంది. ఇవన్నీ కావాలని చేసి చూస్తే ఒక మంచి క్లాసు అవుతుంది. మా దగ్గర ఏం జరిగిందంటే, టైం లేక ప్రతి టేబుల్ నుంచీ 120/80 అని రాసి ఇచ్చేశారు, ఇన్ని ఒకేలాంటి ఒళ్లు ఒకే గదిలో ఎలా దొరికాయని ఎవరూ అడగలేదు.

ఊపిరి కొలిచే స్పైరోమీటర్ కూడా అంతే. మామూలుగా పీల్చి వదిలేది సుమారు 500 మిల్లీలీటర్లు, ఎంత గట్టిగా ఊదినా లోపల ఒక లీటరు పైచిలుకు గాలి మిగిలే ఉంటుంది, దాన్ని ఈ యంత్రం కొలవలేదు, బయటికి రాని గాలిని ఎలా కొలుస్తుంది మరి. మోకాలి కింద సుత్తితో కొట్టినప్పుడు కాలు సరిగ్గా ఎగరకపోతే, రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా కలిపి గట్టిగా లాగమని చెప్పి అప్పుడు కొట్టండి, కాలు ఈసారి బాగా ఎగురుతుంది. ఆ కిటుకుకి జెండ్రాసిక్ అనే వైద్యుడి పేరు పెట్టారు. 0.9 శాతం ఉప్పునీళ్లలో ఎర్రకణాలు హాయిగా ఉంటాయి, ఉప్పు పెంచితే మైక్రోస్కోప్ కిందే ముడుచుకుని ముళ్లు లేచినట్టవుతాయి, మామూలు నీళ్లు కలిపితే ఉబ్బి పగిలిపోతాయి. ఈసీజీలో పీ, క్యూఆర్ఎస్, టీ తరంగాలు పుస్తకంలో ఉన్నంత అందంగా రావు, పక్కవాడు నవ్వించినా కండరాల కదలికకి గీత వణుకుతుంది. ఇన్ని మంచి ప్రయోగాలు పెట్టుకుని ఫైనల్‌లో వీటిమీద రెండు మూడు ప్రశ్నలతో సరిపెట్టడం అన్యాయం.

పరీక్ష అంటే స్పాటర్స్. వరుసగా స్టేషన్లు, ఒక్కో దాని దగ్గర ఒక పిన్ను, నిమిషం టైం, బెల్ కొడితే పక్కకి జరగాలి, ముట్టుకోకూడదు. స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది. టర్మ్ పొడుగునా చేత్తో పట్టుకుని నేర్చుకోమని చెప్పి చివర్లో చేతులు కట్టేసుకుని చూడమనడం ఏం పద్ధతో! దీంతో ఏమవుతుందంటే, ల్యాబ్‌లో ఉన్న అవే ఎముకల ఫోటోలు క్లాసు గ్రూప్‌లో తిరుగుతాయి, "మూల విరిగిన భుజం ఎముక ఎడమది" అని విరిగిన మూలని బట్టీ పట్టేవాళ్లకి ఫుల్ మార్కులు వస్తాయి. కొత్త ఎముక పెడితే వాళ్లలో సగం మంది నీళ్లు నములుతారు. సగం మార్కులైనా ఎముక చేతికిచ్చి అడిగే వైవాకి పెడితే నేను ఐదు నక్షత్రాలూ ఇచ్చేవాణ్ణి.

అయినా స్పాటర్స్ రాయక తప్పదు కాబట్టి, ఫోటోలు కాస్త తగ్గించి బొమ్మలు గీయండి, వంకర టింకరగా వచ్చినా సరే, గీసినప్పుడు ఏ గీత ఎటు వెళ్తుందో చెయ్యి గమనిస్తుంది. పేర్లు పైకి పలుకుతూ రాయండి. ఓపెన్ ల్యాబ్ టైంలో ఒకరు పిన్ను పెట్టడం ఒకరు చెప్పడం, బెల్ బదులు ఫోన్ టైమర్. థియరీ ఏ టర్మ్‌లో ఉంటే ల్యాబ్ కూడా ఆ టర్మ్‌లోనే తీసుకోండి, తర్వాత చూద్దాంలే అని వాయిదా వేస్తే రెండుసార్లు చదవాల్సి వస్తుంది.

సెక్షన్ ఎంచుకునే అవకాశం ఉంటే ఇన్‌స్ట్రక్టర్ పేరు కంటే ముందు టేబుల్‌కి ఎంతమందో కనుక్కోండి. ముగ్గురు, మహా అయితే నలుగురు. ఓపెన్ ల్యాబ్ వేళలు ఉన్నాయా, అసలు ఎముకలు ఉన్నాయా, ఫిజియాలజీకి ఎన్ని వారాలు కేటాయించారు, ఇవి సిలబస్ కాగితంలోనే రాసి ఉంటాయి, లేదా సీనియర్లు చెప్తారు. ఇలాంటి సెక్షన్లు రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే నిండిపోతాయి కాబట్టి ఆ రోజు నిద్ర లేవగానే ముందు ఈ పని చూసుకోండి.