బాణం ములికికి గొట్టం మేలా, తోక మేలా?

కొలిమిలో ములుకులు, అంటే బాణం చివరి ఇనప మొనలు, కొట్టడం మొదలెట్టిన వాళ్లందరికీ షేప్ గురించే టెన్షన్, కానీ అసలు ఏడిపించేది బరువు. డజను కొట్టి కాటా మీద పెడితే ఒకటి 17 గ్రాములు ఇంకోటి 23, ఇక విల్లు అదే చెయ్యి అదే అయినా బాణాలు తలో చోట దిగుతాయి.

సన్నగా, సూదిగా ఉండే ఇంగ్లండ్ ములికి బాడ్కిన్‌కి వెనక గొట్టం ఉంటది, కర్ర చివర పెన్సిల్‌లా చెక్కి అందులో దూర్చడమే. మన దేశపు పాతవాటికి ఎక్కువగా తోక, కొడవలి తోక పిడిలోకి దిగినట్టు రెల్లు కాడలోకి దిగుద్ది, పైన దారం చుట్టి బిగిస్తారు.

గొట్టంతో తంటా ఏంటంటే, రాడ్ చివర విసనకర్రలా సాగగొట్టి ఒక మిల్లీమీటర్ మందానికి తెచ్చి మళ్లీ కాల్చి చుట్టాలి, ఆ పల్చటి రేకు కాస్త ఏమరిస్తే కొలిమిలో నిప్పురవ్వలు చిమ్ముద్ది, ఇక అది పోయినట్టే. కాల్చిన ప్రతిసారీ నల్లటి పొట్టు రాలుద్ది, రేకు వెడల్పు కాబట్టి రాలేదీ ఎక్కువే. నేను 20 గ్రాముల ములికికని 22 గ్రాముల ముక్క కోశా, ఆకురాయి పట్టేసరికి 18 కూడా లేదు. నగల షాపులో తరుగు అంటే తిట్టుకుంటాం గానీ ఇక్కడ నిజంగానే ఉంది! ఇప్పుడు గొట్టానికి 25 కోస్తున్నా, తోకకి 22 చాలు.

పొడవు లెక్కకి సైట్ ఇంజినీర్ల ఫార్ములానే, మి.మీ.లలో డయా (అడ్డకొలత) ఇంటూ డయా బై 162, వచ్చేది మీటరుకి కిలోలు. 10 ఎంఎం రాడ్ మీటరు 0.617 కిలోలు, అంటే 25 గ్రాములకి 40 మి.మీ. పైచిలుకు. నున్నటి ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రౌండ్ రాడ్డే తీసుకోండి, జింక్ పూత ఉన్నది కొలిమిలో పెట్టొద్దు, ఆ పొగ మంచిది కాదు.

తోకలో సుఖం ఏంటంటే 4 ఎంఎం మందం ఉంటే సెంటీమీటరుకి దాదాపు గ్రాము, బరువెక్కితే చివర కొంచెం కోసేస్తే సరి, బ్లేడ్‌ని ముట్టుకోనక్కర్లేదు. కానీ పైన్ లాంటి, లోపల బోలు లేని కర్రకి బెజ్జం వేసి తోక దించితే దెబ్బ తగిలినప్పుడు మేకులా చీల్చేస్తది, దానికి గొట్టమే కరెక్టు.

ఇంకోటి, మ్యూజియం ములికి బరువు చూసి అదే కొట్టాలనుకోకండి, తుప్పు సగం తినేసి ఉండొచ్చు. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే ఇంగ్లండ్ యుద్ధ ఓడలో బాణం కర్రలు వేలల్లో దొరికాయి, ఇనప ములుకులు మాత్రం దాదాపు కరిగిపోయాయి.

నేనైతే మొదటి డజను తోకవే కొట్టమంటా, రెల్లు దొరక్కపోతే సన్న వెదురైనా సరే. తూచేటప్పుడు జిగురు, దారం కూడా కలిపి తూచండి, నేను అవి మర్చిపోయి ఒక సెట్ మొత్తం మళ్లీ ఊడదీశా.