గద్వాల, అలంపురం రెండ్రోజులు: కారు కిరాయి, డ్రైవరన్న గురించి

మా అమ్మకు 68 ఏండ్లు. జోగులాంబను ఇంకొక్కసారి చూడాలని ఎప్పటినుంచో అడుగుతున్నది. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని బస్సులు మార్చుకుంట తీస్కపోయే ధైర్యం నాకు రాలే. అందుకే పోయిన నెల శని, ఆదివారాలకు పాలమూరుల మా ఇంటి దగ్గరి ట్రావెల్స్‌ల ఎర్టిగా మాట్లాడిన. అమ్మ, నేను, మా ఇంటామె, ఇద్దరు పిల్లలం.

శనివారం టిఫిన్ జేసి ముందుగాల అలంపురం, తర్వాత గద్వాల అని కాగితం మీద రాసుకున్న. డ్రైవరన్న అది చూసి, "సార్, మీరు పోయేసరికి పదకొండు దాటుతది. గుడి చుట్టూ అన్ని బండలే, కాళ్ళు కాల్తయి. అమ్మ చెప్పులు ఇడిచి నడువలేదు. ఇయ్యాల గద్వాలల పండుకొని, రేపు పొద్దుగాల పోదాం" అన్నడు. ఈ ఒక్క మాటకే ఆయనకు ఐదు చుక్కలు ఇస్తున్న.

పిల్లలమర్రి చూసుకొని, ఆత్మకూరు మీదుగ జూరాల పోయినం. డ్యామ్ కాడ చేపలు పిల్లలు ఇష్టంగ తిన్నరు. తెల్లారితే దర్శనమని అమ్మ ముట్టలే. గద్వాల కోటల చెన్నకేశవస్వామి గుడి చూసినం. ఆ కోటలనే కాలేజీ కూడ ఉన్నది. మా ఇంటామె చీర కొన్నది, ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. లాడ్జి శుభ్రంగనే ఉండె.

ఆదివారం ఐదింటికే బండి వాకిట్ల పెట్టిండు. ఏడు కాకముందే అలంపురంల ఉన్నం. బండలు సల్లగ ఉండె. అమ్మ పెండ్లయిన కొత్తల వచ్చినప్పుడు అమ్మవారు బాలబ్రహ్మ గుడిల ఉండె. కొత్త గుడి 2005ల అయ్యింది, దాన్ని అమ్మ చూసుడు ఇదే మొదలు. గర్భగుడి ముంగట చేతులు జోడించి చానాసేపు నిలవడ్డది. నొప్పి మాటే ఎత్తలే. తర్వాత నవబ్రహ్మ గుళ్ళు తిరిగినం. పేర్లన్నీ బ్రహ్మవే గాని గుళ్ళు శివునివి, బాదామి చాళుక్యులు కట్టించినవి. స్వర్గబ్రహ్మ గుడి గోడల మీద శిల్పాలను పొద్దటి ఎండల చూడాలె. నేను రాసుకున్న లెక్క ప్రకారం పోతే ఆ వెలుగు దొరకకపోవు.

తిరుగుప్రయాణంల అడగకుండనే సంగమేశ్వరం గుడి కాడ ఆపిండు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళల్ల మునుగుతదని కూడవెల్లి నుంచి రాళ్ళు విప్పి తెచ్చి, ఇక్కడ మళ్ళ పేర్చిన గుడి ఇది. మా అమ్మమ్మ తరఫోళ్ళ ఊరు ఆ నీళ్ళల్లనే పోయింది. అమ్మ అక్కడి మెట్ల మీద కూసొని ఆ ఊరి ముచ్చట్లు పిల్లలకు చెప్పింది. డ్రైవరన్న తొందర పెట్టలే, బండి నీడకు జరిపి ఊకున్నడు.

ఇగ పైసల సంగతి. తిరిగింది 300 కిలోమీటర్ల లోపే, బిల్లు మాత్రం 500కు వేసిన్రు. రోజుకు 250 కిలోమీటర్లు కనీసమట. అది ముందుగాల ఫోన్ల చెప్పలే. డ్రైవర్ బత్తా, టోలు వేరే. బండి మాట్లాడేటప్పుడే కనీసం ఎన్ని కిలోమీటర్లో, రాత్రి ఆగితే బత్తా ఎంతో వాట్సప్‌ల రాయించుకోండ్రి. ఇందుకు ట్రావెల్స్‌కు మూడు చుక్కలే. నేను మాత్రం ఆ డ్రైవరన్న నంబర్ తీసుకున్న. కార్తీకంల అమ్మను శ్రీశైలం తీస్కపోవాలె, ఆయన ఖాళీగున్న రోజు చూసే తారీఖు పెడ్త.