వెన్ను ఆపరేషన్‌లో చీము పట్టకుండా: వాంకోమైసిన్ పొడా, బెటాడిన్ నీళ్లా?

అనంతపురం, చిత్తూరు నుంచి వెన్ను ఆపరేషన్‌కి బెంగళూరు వచ్చే మనవాళ్లకు చీము పడుతుందేమోనని టెన్షన్. కోతకు ముందు గంటలోపు ఇచ్చే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఎలాగూ తప్పదు. దానికి తోడు ఏది?

పొడి: వాంకోమైసిన్ ఒక యాంటీబయాటిక్. కుట్లు వేసే ముందు సుమారు 1 గ్రాము గాయంలో చల్లుతారు. చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని మొండి క్రిమి ఎంఆర్‌ఎస్‌ఏ మీదా పనిచేస్తుంది, పేగుల్లో ఉండే ఈ.కోలై లాంటి క్రిముల మీద చేయదు. అయితే 2013లో కోయంబత్తూరు గంగా హాస్పిటల్ వైద్యులు 907 మందిపై ప్రచురించిన అధ్యయనంలో అదనపు లాభం కనబడలేదు. ఇది డాక్టర్‌ను అడగాల్సిన విషయమే.

బెటాడిన్: బాగా పలుచన చేసి కొన్ని నిమిషాలు ఉంచి, సెలైన్‌తో కడిగేస్తారు. రెండు రకాల క్రిములనూ చంపుతుంది. వెన్నుపాము పొర చిరిగినా, ఇందులోని అయోడిన్ ఒంటికి పడకపోయినా వద్దు.

ఖర్చు: మొత్తం బిల్లులో రెండూ చిన్నవే.

ముక్కు పరీక్షలో ఎంఆర్‌ఎస్‌ఏ తేలితే పొడి వైపు, నడుము కింద మలద్వారానికి దగ్గర కోతైతే బెటాడిన్ వైపు నా మొగ్గు. షుగర్ ఎక్కువుంటే ముందు దాన్ని దించమనండి.