స్టాక్‌ను విప్పే సమాచారం ఏ రూపంలో ఉంటే మేలు?

కంపైల్ అయిన ప్రోగ్రామ్‌లో ఒక ఫంక్షన్ ఎక్సెప్షన్‌ను (తప్పు జరిగిందన్న సూచనను) విసిరినప్పుడు, దాన్ని పట్టుకునే క్యాచ్ నాలుగైదు ఫంక్షన్ల అవతల ఉండవచ్చు. అక్కడికి చేరాలంటే మధ్యనున్న ఫ్రేమ్‌లను, అంటే ఒక్కో పిలుపుకు స్టాక్‌లో (పిలుపుల వివరాలు పేరుకునే జ్ఞాపక భాగంలో) దక్కిన చోటును, ఒకటొకటిగా విప్పుకుంటూ పోవాలి. తిరిగి వెళ్లాల్సిన చిరునామా స్టాక్‌లో ఎక్కడుందో, పిలిచిన ఫంక్షన్‌కు చెందిన రిజిస్టర్ల (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వగదుల) విలువలను పిలవబడిన ఫంక్షన్ ఎక్కడ దాచిందో ప్రతి ఫ్రేమ్ దగ్గరా తెలియాలి. ప్రాసెసర్ వీటిని గుర్తుపెట్టుకోదు కాబట్టి ఎవరో ఒకరు రాసిపెట్టాలి. క్యాచ్ ఎక్కడుంది, ఏ డిస్ట్రక్టర్‌ను (వస్తువు పోయేటప్పుడు శుభ్రంచేసే కోడ్‌ను) నడపాలి అన్నది వేరే ప్రశ్న. దానికి వేరే పట్టిక ఉంటుంది, దాని సంగతి ఇక్కడ ఎత్తుకోవడం లేదు.

పాత పద్ధతిలో ఈ రాతపని ప్రోగ్రామ్ నడుస్తుండగానే జరిగేది. సెట్‌జంప్, లాంగ్‌జంప్‌ల (ఒక చోటును గుర్తుపెట్టుకుని, తరువాత నేరుగా అక్కడికే దూకే సీ ఫంక్షన్ల) మీద కట్టిన అమరికలో ట్రై (క్యాచ్ కాపలా కాసే భాగం) ఉన్న ప్రతి ఫంక్షన్ లోపలికి రాగానే తన వివరాలను ఒక గొలుసుకు తగిలించి, పోయేటప్పుడు ఊడదీస్తుంది. 32-బిట్ విండోస్‌లో ఎఫ్‌ఎస్ సెగ్మెంట్ (ప్రాసెసర్‌లోని ఎఫ్‌ఎస్ రిజిస్టర్ చూపే చోటు) మొదట్లో మొదలయ్యే గొలుసూ ఈ కోవలోదే. ఎక్సెప్షన్ ఎన్నడూ రాకపోయినా ప్రతి పిలుపుకూ ఈ ఖర్చు తప్పదు. పైగా విండోస్ గొలుసు రాయదగిన స్టాక్‌లోనే ఉండేది కనుక, బఫర్ పొంగించి దాన్ని దారి మళ్లించడం దాడిచేసేవారికి అలవాటైన మార్గమైంది. అందుకే కొత్త వ్యవస్థలు చాలావరకు ఈ సమాచారాన్ని కంపైలర్ చేతనే ముందుగా పట్టికలుగా రాయించి, చదవడానికి మాత్రమే వీలున్న భాగంలో పెడుతున్నాయి. మామూలు దారిలో దీనికోసం ఒక్క ఆదేశం కూడా అదనంగా నడవదు. ఇక పోటీ పట్టికల మధ్యనే.

పోల్చడానికి ఒక చిన్న ఎక్స్86-64 (ఇంటెల్, ఏఎండీల 64-బిట్ ప్రాసెసర్ల) ఫంక్షన్‌ను తీసుకుందాం. అది మొదట ఆర్‌బీపీ, తరువాత ఆర్‌బీఎక్స్ అనే రిజిస్టర్లను స్టాక్ మీదికి నెట్టి, ఆపై స్టాక్ పాయింటర్‌ను (స్టాక్ కొసను చూపే రిజిస్టర్‌ను) 24 బైట్లు కిందికి దించుతుంది. చివర ఈ పనులను వెనుకనుంచి ముందుకు రద్దుచేసి తిరిగి వెళుతుంది. ఇందులో క్యాచ్ లేదు.

లినక్స్ వాడే ఈహెచ్-ఫ్రేమ్, డ్వార్ఫ్ డీబగ్ సమాచారపు ఫార్మాట్ నుంచి పుట్టింది. ఇందులో ప్రతి ఫంక్షన్‌కూ ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది: ఒక బైటు ముందుకు జరుగు, ఇప్పుడు ఫ్రేమ్ ఆధారం (ఫ్రేమ్‌లోని చోట్లను కొలిచే మూల చిరునామా) స్టాక్ పాయింటర్‌కు 16 బైట్ల పైన ఉంది, ఆర్‌బీపీ ఫలానా చోట ఉంది, మరో బైటు జరుగు, ఇప్పుడు 24, ఆర్‌బీఎక్స్ ఫలానా చోట, ఇలా. మన ఫంక్షన్‌కు ఈ ఆదేశాలు 22 బైట్లు, వాటి శీర్షిక 17 బైట్లు. సర్దుబాటుకు పెట్టే ఒక ఖాళీ బైటుతో కలిపి 40 అవుతాయి. వెతకడానికి వేరుగా ఉండే క్రమబద్ధమైన పట్టికలో ఇంకో 8 బైట్లు పడతాయి. అంటే, నాలుగు ముక్కలు కూడా లేని ఫంక్షన్‌కు మొత్తం 48 బైట్లు. దీనికి బదులుగా కంపైలర్‌కు పూర్తి స్వేచ్ఛ దొరుకుతుంది. ఫంక్షన్ మధ్యలో స్టాక్‌ను ఎన్నిసార్లు కదిపినా, రిజిస్టర్లను ఏ వరుసలో దాచినా, చివరికి ఒక గణిత సూత్రంతో తప్ప ఫ్రేమ్ ఆధారం దొరకని పరిస్థితి వచ్చినా, రాయడానికి మాట ఉంటుంది. (ఆ మాటలు ఎంత శక్తిమంతమైనవంటే, డ్వార్ఫ్ ఆదేశాలతో ఏ గణననైనా చేయించవచ్చని 2011లో పరిశోధకులు చూపారు. స్టాక్ విప్పడానికి అంత శక్తి అవసరమా అన్నది న్యాయమైన సందేహమే.)

ఈ స్వేచ్ఛకు మూల్యం విసిరినప్పుడు తెలుస్తుంది. ప్రతి ఫ్రేమ్ దగ్గరా ఆ చిన్న ప్రోగ్రామ్‌ను మొదటినుంచి నడిపించాలి. క్యాచ్ ఉందో లేదో చూడడానికి ఒక దఫా, నిజంగా విప్పడానికి ఇంకో దఫా, వెరసి రెండుసార్లు. ఒక చిరునామా ఏ లైబ్రరీకి చెందిందో కనుక్కునే దగ్గర గ్లిబ్‌సీలో (లినక్స్‌లోని సీ లైబ్రరీలో) ఒక తాళం (ఒక్కసారికి ఒక్కరినే లోపలికి వదిలేది) ఉండేది. చాలా థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే పనులు) ఒకేసారి విసిరితే అవన్నీ అక్కడ వరుసలో నిలబడేవి. 2022లో గ్లిబ్‌సీ 2.35 తాళం అక్కర్లేని దారినొకదాన్ని ఇవ్వగా, జీసీసీ కంపైలర్ 12వ సంచిక దాన్ని వాడుకుంది. గమనించవలసిందేమంటే, ఆ లోపం పట్టిక రూపానిది కాదు, పట్టికను వెతికే తీరుది; ఈ రెండింటినీ కలిపి ఈహెచ్-ఫ్రేమ్‌ను నిందించడం పొరపాటు.

64-బిట్ విండోస్ ఎదురు దారి పట్టింది. కంపైలర్ ఏం చేసినా వర్ణించగల భాషను తయారుచేయకుండా, ఏం చేయవచ్చో ముందే కట్టడి చేసింది. ఫంక్షన్ మొదట్లో నెట్టివేతలు ముందు, ఆ తరువాత స్టాక్ దించడం. ఈ ప్రారంభ భాగం 255 బైట్లు మించరాదు. ముగింపు కూడా నిర్ణీత రూపంలోనే ఉండాలి. ఈ నియమాల వల్ల మామూలుగా ఒక్కో పనికి 2 బైట్ల సంకేతం చాలు. అందులో ఒక బైటు ఆ పని ఎక్కడ పూర్తయిందో చెబుతుంది, రెండోది ఏ పనో చెబుతుంది. మన ఫంక్షన్‌కు మూడు సంకేతాలు, శీర్షిక, సర్దుబాటు కలిపి 12 బైట్లు, ఫంక్షన్లను వెతికే పీడేటా పట్టికలోని వరుస మరో 12, మొత్తం 24. ఎవరినీ పిలవని, స్టాక్‌ను ముట్టని ఫంక్షన్‌కైతే అసలు నమోదే ఉండదు; నమోదు లేదంటేనే తిరుగు చిరునామా స్టాక్ కొసన ఉందని అర్థం. లేమినే సమాచారంగా వాడుకున్న ఈ నేర్పు నాకు మహా నచ్చుతుంది.

ప్రతి సంకేతంలోనూ స్థానం ఎందుకు? విండోస్‌లో చెల్లని చిరునామాను తాకడం, సున్నాతో భాగించడం వంటి హార్డ్‌వేర్ తప్పులు కూడా ఎక్సెప్షన్లుగానే వస్తాయి. అవి ఏ ఆదేశం దగ్గరైనా, ప్రారంభ భాగం మధ్యలోనైనా రావచ్చు. కాబట్టి పట్టిక ప్రతి ఆదేశం దగ్గరా నిజం చెప్పితీరాలి.

ఆపిల్ సంస్థ ఆ బాధ్యతను వదులుకుని బైట్లు మిగుల్చుకుంది. దాని సంక్షిప్త పద్ధతిలో ఒక ఫంక్షన్ మొత్తానికి ఒకే 32-బిట్ సంకేతం: స్టాక్ పరిమాణం, దాచిన రిజిస్టర్ల లెక్క, అవి ఏ వరుసలో ఉన్నాయన్నది. ఆరు రిజిస్టర్లను 720 వరుసల్లో పేర్చవచ్చు, 10 బిట్లలో 1024 విలువలు పడతాయి, కాబట్టి వరుసకు 10 బిట్లు సరిపోయాయి. ఒకే సంకేతం వందల ఫంక్షన్లకు కలుస్తుంది గనుక లింకర్ (విడి ముక్కలను కలిపి ప్రోగ్రామ్‌గా కూర్చే పరికరం) వాటిని ఒకచోట చేర్చి, మామూలు సందర్భంలో ఒక్కో ఫంక్షన్‌కు 4 బైట్లే ఖర్చుపెడుతుంది. అయితే ఈ సంకేతం ఫంక్షన్ మధ్యభాగంలోనే నిజం. సీ++లో ఎక్సెప్షన్ ఒక పిలుపు నుంచే వస్తుంది కాబట్టి దానికి ఇది చాలు; ప్రోగ్రామ్‌ను ఎక్కడపడితే అక్కడ ఆపి స్టాక్ చూడాలనుకునే ప్రొఫైలర్‌కు చాలదు. సంకేతంలో ఇమడని ఫంక్షన్ వస్తే, అదే 32 బిట్లలో ఈహెచ్-ఫ్రేమ్ నమోదు ఎక్కడుందో చెప్పి పక్కకు తప్పుకుంటుంది.

32-బిట్ ఆర్మ్ ప్రాసెసర్ల పద్ధతి కూడా ఈ ఆలోచనకు దగ్గరిదే: ఫంక్షన్‌కు 8 బైట్ల వరుస, ఆదేశాలు 3 బైట్లలో ఇమిడితే ఆ వరుసలోనే ఉంటాయి, లేకుంటే వేరే విభాగంలోకి పోతాయి. జ్ఞాపకం తక్కువున్న పరికరాలకు ఇది అతికినట్టు సరిపోయింది.

48, 24, 4 అన్న అంకెలను మాత్రమే చూసి తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే మూడూ ఒకే హామీ ఇవ్వడం లేదు. ఎక్సెప్షన్లకు మాత్రమే అయితే, సామాన్య ఫంక్షన్లకు సంక్షిప్త సంకేతం, అసామాన్యమైన వాటికి డ్వార్ఫ్ అన్న ఆపిల్ కలయికే మేలని నా అభిప్రాయం. ఎందుకంటే అరుదైన సందర్భాల బరువును అన్ని ఫంక్షన్లూ మోయనక్కరలేదు. హార్డ్‌వేర్ తప్పులను కూడా పట్టుకోవలసిన చోట విండోస్ ఒప్పందానికి సాటి లేదు. ఇప్పటికే రకరకాల కంపైలర్లు, చేతిరాత అసెంబ్లీ కలగలిసిపోయిన వ్యవస్థలో అలాంటి ఒప్పందాన్ని తరువాత రుద్దడం సాధ్యం కాదు. అక్కడ ఈహెచ్-ఫ్రేమ్ లావైనా దాన్నే భరించాలి. నడుస్తుండగా యంత్రభాషను పుట్టించే జిట్ రాసేవారికి మాత్రం విండోస్ రూపం సుఖం: పుట్టించే ఫంక్షన్లన్నిటికీ ఒకే ప్రారంభ భాగాన్ని వాడితే, ఒకే 12 బైట్ల వివరణను అన్ని వరుసలూ పంచుకుంటాయి.