పలాస దాకా రైడ్‌కి, రోజూ పనికి: ఏ సైకిల్ మేలు?

సోంపేట దగ్గర పల్లెలో మా చిన్నాన్న ఉంటారు. వారానికి మూడుసార్లు ఆయనకి డయాలసిస్. వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు మంచం మీదే. శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం ప్రాంతంలో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కొబ్బరి, జీడి తోటలతో అంత పచ్చగా ఉండే నేలలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. వైద్యానికి డబ్బు కట్టక్కర్లేకపోయినా రానుపోను ఛార్జీలు ఉంటాయి, తోడు వెళ్లినవాళ్లకి ఆ రోజు కూలి పోతుంది. అందుకే ఒడిశాలోని బరంపురంలో ఉన్న మా తెలుగువాళ్లం కొందరం ఏటా జనవరిలో పలాస దాకా సైకిళ్ల మీద వెళ్లి, చందాలు పోగుచేసి ఆ ఛార్జీలకి ఇస్తున్నాం. పోవడం ఒక రోజు, రావడం ఒక రోజు. రోజుకి దాదాపు 80 కిలోమీటర్లు.

కొత్తగా చేరేవాళ్లు అందరూ అడిగేది ఒకటే: ఏ సైకిల్ కొనమంటారు? ఆ రెండు రోజుల కోసమే ఎవరూ సైకిల్ కొనరు. మిగతా ఏడాదంతా దాని మీదే పనికి వెళ్లాలి. నేను రోజూ గోపాల్‌పూర్ వెళ్లొస్తాను, ఒకవైపు సుమారు 16 కిలోమీటర్లు. నా లెక్కంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

లావు టైర్ల ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్, చూడగానే నచ్చుతుంది. నా మొదటి రైడ్ దాని మీదే చేశాను. భాపూర్ బజార్ గుంతల్లో హాయిగా పోయింది కానీ, హైవే ఎక్కాక రెండంగుళాల గరుకు టైర్లు తారుని పట్టుకుని వదల్లేదు. తక్కువ ధర సైకిళ్లకి వచ్చే ముందు సస్పెన్షన్ బరువు, పైగా లేచి నిలబడి తొక్కితే మన బలం సగం ఆ స్ప్రింగులోకే పోతున్నట్టు ఉంటుంది. కంచిలి చేరేసరికి అందరూ నా కోసం ఆగి ఉన్నారు. తారు రోడ్డు మీదే తిరిగేవాళ్లు దీని జోలికి వెళ్లకండి.

రెండో ఏడు స్నేహితుడి దగ్గర రోడ్ బైక్ అడిగి తెచ్చుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ సుఖం వేరు. 10 కిలోల బరువు, 25 మిల్లీమీటర్ల సన్న టైర్లు, వంగి పట్టుకునే హ్యాండిల్. జనవరిలో ఈశాన్య గాలి వీస్తుంది కాబట్టి పలాస నుంచి తిరిగొచ్చేటప్పుడు అది మొహానికే కొడుతుంది. అలాంటప్పుడు వంగి తొక్కితే ఎంత కలిసొస్తుందో తొక్కినవాళ్లకే తెలుస్తుంది. కానీ మేము హైవే దిగి కవిటి వైపు తోటల్లోంచి వెళ్లినప్పుడు, ఇసుకలో టైరు జారింది. తర్వాత పంక్చర్ అయింది. షాపాయన ట్యూబుకి అతుకు చక్కగా వేశాడు. గాలి కొట్టబోతే పంపు పట్టలేదు. సన్నటి పొడుగు పిన్ను, ప్రెస్టా వాల్వ్ అంటారు. "ఈ పిన్నుకి నా పంపు సరిపోదు బాబూ" అని ఆయన చాలా బాధపడ్డాడు. పాతిక రూపాయల ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉండుంటే ఆ రోజు ఆటో ఎక్కాల్సిన పనే లేదు. పైగా చాలా రోడ్ బైక్‌లకి క్యారియర్, మడ్‌గార్డు బిగించే రంధ్రాలే ఉండవు. వానాకాలంలో వీపంతా బురదతో పనికి ఎలా వెళ్తాం?

నాన్నగారి నల్లటి పెద్ద సైకిల్‌ని తీసిపారేయకండి. దాని వాల్‌ట్యూబు ఏ పల్లెలోనైనా దొరుకుతుంది. చైన్‌కవర్ ఉంటుంది, బియ్యం బస్తా వేసినా కదలదు. రోజూ ఐదారు కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఇంతకన్నా మంచిది లేదు. కానీ 20 కిలోల బరువు, ఒకటే గేరు. ఎదురుగాలిలో 80 కిలోమీటర్లంటే మోకాళ్లు పట్టేస్తాయి.

ఇక నేను కొన్నది హైబ్రిడ్, అంటే ఎంటీబీకీ రోడ్ బైక్‌కీ మధ్యరకం. మూడేళ్లుగా అదే. నిటారు హ్యాండిల్ కాబట్టి ట్రాఫిక్‌లో నాలుగు వైపులా కనిపిస్తుంది. 700 సైజు చక్రాలకి 38 మిల్లీమీటర్ల టైర్లు, అంటే హైవే మీద పరుగెడతాయి, కవిటి ఇసుకలోనూ తట్టుకుంటాయి. వేగంలో రోడ్ బైక్‌ని అందుకోలేదు, ఎదురుగాలిలో ఆ తేడా బాగా తెలుస్తుంది. అయినా వెనకబడి ఎవరినీ ఆపే పరిస్థితి రాలేదు.

కొనేటప్పుడు మాత్రం నాలుగు సంగతులు గట్టిగా చూడండి. ముందు చక్రానికి సస్పెన్షన్ లేనిదే తీసుకోండి. పిన్ను మోటార్‌సైకిల్‌కి ఉండే రకం, అంటే ష్రేడర్ ఉంటే పెట్రోల్ బంకులోనూ గాలి కొట్టించుకోవచ్చు. క్యారియర్ బిగించే రంధ్రాలు ఉండాలి. వెనక చక్రం హబ్‌కి, అంటే నడుమ ఉండే భాగానికి, గేరు పళ్లచక్రాలు మరతో బిగించే ఫ్రీవీల్ కన్నా, పైన తొడిగే క్యాసెట్ ఉన్నది మేలు. బరువు వేసి తిరిగితే ఫ్రీవీల్ హబ్ ఇరుసు వంగే అవకాశం ఎక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో అది చూసుకోండి. మిగిలిన డబ్బుతో లైట్లు, హెల్మెట్ కొనండి. ఎన్‌హెచ్ 16 మీద తెల్లవారుజామున లారీలు ఆగకుండా పోతుంటాయి, వెనక ఎర్ర లైటు లేనివాళ్లని మేము రైడ్‌కి తీసుకెళ్లం.

గోపాల్‌పూర్ వైపు పనిచేసేవాళ్లకి ఇంకో మాట. ఉప్పుగాలికి చైను చాలా త్వరగా తుప్పు పడుతుంది. వారానికోసారి పొడిగుడ్డతో తుడిచి, చైన్ ఆయిల్ చుక్క చుక్కగా వేసి, పైన మిగిలింది తుడిచెయ్యాలి. కొబ్బరినూనె వద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది.

సైకిల్ ఏదైనా సైజు కుదరకపోతే దండగే. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టినప్పుడు, పెడల్ కింద ఉంటే కాలు నిటారుగా రావాలి. డిసెంబరులో ఒక ఆదివారం ఇచ్ఛాపురం దాకా వెళ్లిరండి, రానుపోను 50 కిలోమీటర్లు. చేతులు తిమ్మిరెక్కితే హ్యాండిల్ కాస్త పైకి లేపించండి, మోకాలి ముందు భాగం నొప్పెడితే సీటు ఎత్తించండి. మళ్లీ వచ్చే ఆదివారం ఇంకోసారి వెళ్లిరండి.