కోనసీమలో కూర్చుని చీప్ ఫ్లైట్ వెతకడం: గూగుల్ ఫ్లైట్స్ ఏళ్ళ తరబడి వాడాక

గూగుల్ ఫ్లైట్స్ మీద రివ్యూలు చాలానే ఉన్నాయి గానీ అవి ఎక్కువగా హైదరాబాద్, బెంగుళూరు వాళ్ళు రాసినవి, వాళ్ళకి ఉన్నదే ఒక ఎయిర్‌పోర్టు, క్యాబ్ ఎక్కితే అక్కడ దిగుతారు. మనకి అలా కాదు కదండి. అమలాపురం చుట్టుపక్కల ఉండేవాళ్ళకి రాజమండ్రి (మధురపూడి) ఉంది, గన్నవరం (విజయవాడ) ఉంది, కాస్త ఓపిక చేసుకుంటే వైజాగ్ కూడా ఉంది. పైగా అమలాపురానికి ఇప్పటికీ రైలు రాలేదు, కోటిపల్లి–నరసాపురం లైను పనులు నడుస్తూనే ఉన్నాయి, కాబట్టి ఎక్కడికెళ్ళినా ముందు రోడ్డు ఎక్కాల్సిందే. మా ఇంట్లోవాళ్ళకి, చుట్టాలకి, వీధిలో వాళ్ళకి కూడా టికెట్లు చూసిపెట్టేది నేనే, అందుకని మన డెల్టా నుంచి చూస్తే ఇది ఎంతవరకు పనికొస్తుందో రాస్తున్నా.

దీనికి వేరే యాప్ ఏం లేదు, ఫోన్లో బ్రౌజర్ తెరిచి గూగుల్ ఫ్లైట్స్ అని కొడితే చాలు. టికెట్ అమ్మేది కూడా ఇది కాదు, రేట్లు చూపించి ఎయిర్‌లైన్ సైట్‌కో బుకింగ్ సైట్‌కో పంపిస్తుంది.

నాకు దీంట్లో అన్నిటికన్నా నచ్చింది ఒకటి చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. బయల్దేరే ఊరు దగ్గర ఒక్క ఎయిర్‌పోర్టే కాదు, ఏడు వరకు పెట్టొచ్చు. నేను ఎప్పుడూ రాజమండ్రి, విజయవాడ, వైజాగ్ మూడూ కలిపే పెడతా, ఒక్కోసారి హైదరాబాద్ కూడా. మూడిటి రేట్లూ ఒకే లిస్టులో వచ్చేస్తాయి, విడివిడిగా వెతికి కాయితం మీద రాసుకునే పని లేదు. మనలాగా మధ్యలో ఉన్నోళ్ళకి ఇంతకంటే పనికొచ్చే ఆప్షన్ లేదు.

కాకపోతే అక్కడ చూపించే రేటు మన రేటు కాదండి. మన రేటు ఇంటి గుమ్మం నుంచి లెక్కేసుకోవాలి. ఉదాహరణకి రాజమండ్రి నుంచి తలకి 7000, గన్నవరం నుంచి 6000 ఉందనుకుందాం, గన్నవరం దాకా కారుకి 2000 ఎక్కువ అవుతుందనుకుందాం. ఒక్కరే వెళ్తుంటే వెయ్యి మిగుల్చుకోడానికి రెండు వేలు పెట్టినట్టు, రాజమండ్రే నయం. అదే నలుగురు వెళ్తుంటే టికెట్ల మీద నాలుగు వేలు మిగుల్తాయి, కారు ఖర్చు పోను రెండు వేలు చేతిలో ఉంటాయి. టికెట్ రేటు తలకి, కారు రేటు బండికి, మొత్తం కిటుకు ఇదే. అందుకే ఒంటరిగా చదువుకోడానికి వెళ్ళే పిల్లోడికి ఒక ఎయిర్‌పోర్టు చీప్ అయితే, అదే ఇంట్లోంచి ఫ్యామిలీ మొత్తం వెళ్తే ఇంకోటి చీప్ అవుతుంది. గన్నవరం ఎయిర్‌పోర్టు హైవే పక్కనే ఉంటుంది, రావులపాలెం దాటాక తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా తిన్నగా పోవడమే, దూరం ఎక్కువైనా దారి తేలిక. భీమవరం, పాలకొల్లు వైపు వాళ్ళయితే ఈ లెక్క తప్పకుండా వేసుకోండి.

2024 డిసెంబర్లో రాజమండ్రి నుంచి ముంబైకి, ఢిల్లీకి డైరెక్ట్ ఫ్లైట్లు మొదలయ్యాక మన పని చాలా మారింది. అంతకుముందు ఎక్కువగా చిన్న ఏటీఆర్ విమానాల్లో హైదరాబాదో బెంగుళూరో వెళ్ళి అక్కడ మారాల్సి వచ్చేది. ఢిల్లీకి రైల్లో అయితే ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో రోజున్నర దాకా పడుతుంది, రానూపోనూ మూడు రోజులు బండిలోనే పోతాయి. పెద్దవాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు డైరెక్ట్ కోసం తలకి వెయ్యి, పదిహేను వందలు ఎక్కువైనా నేను ఆలోచించను, మారే ఎయిర్‌పోర్టులో మోకాళ్ళ నొప్పులతో నడిపించడం కంటే అదే మేలు.

ఇక డేట్లు. దీంట్లో డేట్ గ్రిడ్ అని, ప్రైస్ గ్రాఫ్ అని రెండు ఉంటాయి. గ్రిడ్‌లో వెళ్ళే తేదీలు ఒకపక్క, వచ్చే తేదీలు ఇంకోపక్క, ఏ జత చీపో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ట్రాక్ ప్రైసెస్ ఆన్ చేస్తే రేటు మారినప్పుడు మెయిల్ వస్తుంది, రోజూ తెరిచి చూసే బాధ ఉండదు. ఇలాంటిదే ఇంకో సైటు స్కైస్కానర్‌లో నెల మొత్తం చూపించే ఆప్షన్ ఉంది, అది కూడా బావుంటుంది, ఏ నెలలో వెళ్ళాలో ఇంకా అనుకోనప్పుడు నేను అది తెరుస్తా. మంగళవారం అర్ధరాత్రి బుక్ చేస్తే తక్కువకి వస్తుంది లాంటి మాటలు వినపడుతుంటాయి గానీ నేను చూసినంతలో ఏ రోజు కొన్నామన్నది కాదు, ఏ రోజు ఎక్కుతున్నామన్నదే తేడా తెస్తుంది. వారం మధ్యలో తక్కువ, శుక్రవారం సాయంత్రం, ఆదివారం ఎక్కువ. డొమెస్టిక్‌కి నెల నుంచి రెండు నెలల ముందు కొంటే నిదానంగా సరిపోతుంది.

రేటు ఎందుకు పెరుగుతుందో తెలిస్తే సగం కంగారు తగ్గిపోద్ది. విమానంలో సీట్లన్నీ ఒకే రేటుకి అమ్మరు, కొన్ని ఒక రేటుకి, అవి అయ్యాక ఇంకొన్ని ఆపై రేటుకి, అలా మెట్లు మెట్లుగా పెడతారు. మనం నాలుగు సార్లు వెతికామని పెరగదు, కింది మెట్టు సీట్లు ఎవరో కొనేస్తే పెరుగుద్ది. దీంట్లోంచి ఒక లాభం ఉంది. నలుగురికి కలిపి వెతికారనుకోండి, కింది రేటులో రెండు సీట్లే మిగిలుంటే నలుగురికీ పై రేటే చూపిస్తుంది. అందుకని ముందు ఒక్కరికి వెతికి, తర్వాత నలుగురికి వెతికి పోల్చండి. తేడా ఉంటే ఇద్దరిద్దరుగా రెండు టికెట్లు తీస్తే సరి, 5000 చొప్పున రెండు, 5800 చొప్పున రెండు అయితే, నలుగురికీ 5800 పెట్టడం కంటే 1600 మిగులు. కాకపోతే పీఎన్ఆర్‌లు వేరవుతాయి, టైము మారితే రెండూ విడివిడిగా చూసుకోవాలి, పిల్లల్ని మాత్రం పెద్దవాళ్ళున్న పీఎన్ఆర్‌లోనే ఉంచాలి.

కొనేటప్పుడు నేనైతే గూగుల్‌లో చూసి తిన్నగా ఎయిర్‌లైన్ సైట్‌లోనే కొంటా. ఒక బుకింగ్ సైట్‌లో మా చుట్టాలబ్బాయి కొన్నాడు, మొదట చూపిన రేటు తక్కువే, చివరికి వచ్చేసరికి కన్వీనియన్స్ ఫీజు, అడక్కుండానే టిక్ పెట్టేసిన ఇన్సూరెన్సు, అన్నీ కలిసి ఎయిర్‌లైన్ రేటుని దాటేసింది. తర్వాత ప్రయాణం మానుకుంటే రిఫండ్ కోసం సైట్‌వాళ్ళు ఎయిర్‌లైన్‌ని అడగమనడం, ఎయిర్‌లైన్‌వాళ్ళు సైట్‌ని అడగమనడం. ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సింది ఒకటుంది, విమానాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ డీజీసీఏ రూల్ ప్రకారం ఏజెంట్ దగ్గర కొన్నా రిఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే. క్యాన్సిలేషన్ చార్జీ బేస్ ఫేరు (టికెట్ అసలు రేటు), ఫ్యూయల్ చార్జీ కలిపినదానికి మించకూడదు. నాన్ రిఫండబుల్ అని రాసున్నా సరే, అసలు ఎక్కకపోయినా సరే, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లాంటి ఎయిర్‌పోర్టు చార్జీలు వెనక్కి ఇవ్వాలి. చాలామంది ఇవి అడగరు, వదిలేస్తారు. నలుగురి టికెట్లకి అది చిన్న మొత్తం కాదండి, అడగండి.

మారే ఫ్లైట్ చూసేటప్పుడు రెండు ముక్కలూ ఒకే టికెట్టా, వేరువేరా అని చూడాలి. వేరువేరు అయితే మొదటిది లేటయి రెండోది పోతే ఎవరూ పట్టించుకోరు, సామాను కూడా బయటికి తెచ్చుకుని మళ్ళీ వేయాలి. అలాంటివి ఎంత చీప్ అయినా నేను ఎవరికీ తీసివ్వను.

సంక్రాంతి గురించి చెప్పక్కర్లేదు, భోగికి ముందు హైదరాబాద్ నుంచి ఇటు వచ్చే రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ అదే రోజుల్లో ఇటునుంచి అటు వెళ్ళే విమానాలకి అంత గిరాకీ ఉండదు, అందరూ వచ్చేవాళ్ళే కాబట్టి. పిల్లలు ఊరు రాలేని ఏడు అమ్మానాన్నలే వాళ్ళ దగ్గరకి వెళ్ళి పండగ చేసుకుంటే ఖర్చు బాగా తగ్గుద్ది. మా వీధిలో ఒకళ్ళకి అలాగే చేయించాను, పూతరేకులు, అరిసెలు పట్టుకుని వెళ్ళి మనవడితో పండగ చేసుకుని వచ్చారు, వాళ్ళ సంతోషం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు ఊరు చూసే ప్లాను. ఢిల్లీనే తీసుకుంటాను, మనోళ్ళు ఎక్కువ అడిగేది అదే. వ్యవసాయం ఉన్న ఇళ్ళకి ఫిబ్రవరి బాగా కుదురుద్ది, దాళ్వా నాట్లు అయిపోయి ఉంటాయి, ఢిల్లీలో చలి తగ్గుతుంది, రాష్ట్రపతి భవన్‌లో అమృత్ ఉద్యాన్ తెరిచి ఉంటుంది. డిసెంబర్ చివర, జనవరిలో మాత్రం పొద్దున్న పొగమంచుకి ఫ్లైట్లు గంటలు గంటలు లేటవుతాయి. అక్కడ లేటయితే ఇక్కడా లేటే, ఎందుకంటే రాజమండ్రిలో మనం ఎక్కే విమానం ముందు అక్కడినుంచి రావాలి. ఏ విమానం ఎక్కడుందో మ్యాప్ మీద చూపించే ఫ్లైట్‌రాడార్24లో ఆ వచ్చే విమానం బయల్దేరిందో లేదో చూసుకుని ఇంట్లోంచి కదిలితే పెద్దవాళ్ళని ఎయిర్‌పోర్టులో గంటలకొద్దీ కూర్చోబెట్టక్కర్లేదు, అయితే ఎయిర్‌లైన్ నుంచి టైము మారిందని మెసేజ్ వచ్చేదాకా చెకిన్ టైము పాతదే అనుకోండి.

ఢిల్లీలో సోమవారం ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్, అమృత్ ఉద్యాన్ అన్నీ మూసుంటాయి. తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవు. అందుకే నేను వేసిచ్చే ప్లాను ఎప్పుడూ మంగళవారం వెళ్ళి శనివారం రావడం, అవి చాలాసార్లు రేటు తక్కువుండే రోజులు కూడా, సోమవారం గొడవే రాదు. ఆగ్రా గురువారం పెట్టుకోండి, హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్ నుంచి గతిమాన్ ఎక్స్‌ప్రెస్ గంటా నలభై నిమిషాల్లో దింపేస్తుంది, శుక్రవారం ఆ బండి కూడా నడవదు. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి ట్యాక్సీ వాళ్ళతో బేరం అక్కర్లేదు, టెర్మినల్ 3 దగ్గర ఎయిర్‌పోర్ట్ మెట్రో ఎక్కితే ఇరవై నిమిషాల్లో న్యూఢిల్లీ స్టేషన్. టెర్మినల్ 1లో దిగితే మెజెంటా లైను. తిరిగొచ్చేటప్పుడు టికెట్ మీద టెర్మినల్ నంబరు చూసుకునే బయల్దేరాలి, ఒకటో టెర్మినల్‌కి మూడో టెర్మినల్‌కి మధ్య చాలా దూరం.

హోటల్ మెట్రో స్టేషన్‌కి నడిచే దూరంలో తీసుకోండి, కరోల్ బాగ్ వైపు మా వాళ్ళకి బాగా నప్పింది. రెండో రోజుకే అన్నం మీద బెంగ మొదలవుద్ది కదా, అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది, పప్పు, కూర, పులుసు, గోంగూర పచ్చడి, అక్కడ కూర్చుంటే మనూళ్ళో ఉన్నట్టే, ఇండియా గేట్ చూసే రోజు మధ్యాహ్నానికి పెట్టుకోండి. అక్షర్‌ధామ్‌లోకి ఫోన్లు, బ్యాగులు రానివ్వరు, క్లోక్‌రూమ్ దగ్గర లైను ఉంటుంది, దానికి వేరే టైము ఉంచుకోవాలి. పురావస్తు శాఖ వాళ్ళ కట్టడాలకి 15 ఏళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు.

సామాను గురించి ఒక మాట, డొమెస్టిక్‌లో మామూలుగా చెకిన్ 15 కేజీలు, చేతిలో 7 కేజీలు. మనోళ్ళు చుట్టాలింటికి వెళ్తే కొబ్బరి లేకుండా వెళ్ళరు, కానీ కురిడీలు మాత్రం వద్దండి, నూనె ఎక్కువని మండే సరుకు కింద లెక్క కడతారు, తీసేయించేస్తారు. ఆవకాయ చెకిన్‌లో, అదీ గట్టిగా ప్యాక్ చేసి. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే. పూతరేకులు చేతిలో పట్టుకెళ్తేనే ముక్కలవకుండా చేరతాయి. చెకిన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు, రావులపాలెం దగ్గర హైవే మీద లారీలు ఆగితే ఏం చేయలేం, కాబట్టి దారికి రెండు గంటలు కాదు, మూడు గంటలు చేతిలో ఉంచుకునే బయల్దేరండి.

ఇంకోటి, ఎయిర్‌లైన్ల షెడ్యూలు ఏడాదికి రెండుసార్లు మారుతుంది, మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం. ఆ తర్వాత తేదీలకి రాజమండ్రి డైరెక్ట్ కనపడకపోతే తీసేశారని అనుకోకండి, ఇంకా బుకింగ్ తెరవకపోయి ఉండొచ్చు.

2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. 2015లో వచ్చిన జనం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బయట ఊళ్ళల్లో ఉన్న పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, ఎయిర్‌లైన్లు ఆ తేదీలు తెరవగానే ట్రాక్ పెట్టుకోమని, దిగే ఊరు దగ్గర రాజమండ్రి ఒక్కటే కాకుండా విజయవాడ, వైజాగ్ కూడా కలిపి పెట్టమని. గన్నవరంలో దిగినా కారు పంపిస్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు.